పెన్ డ్రైవు నుండి ఆపరేటింగ్ సిస్టమ్‌ను నడుపుట

కంప్యూటరు అనగానే మన కంటికి కనిపించేవి తెర, కీబోర్డు, ఒక లోహపు పెట్టె. కాని వీటిలో ఏదియూ తనంతట తాను ఒక్క అక్షరమైనా వ్రాయజాలదు. మీట నొక్కినప్పుడు దానికి చెందిన అక్షరాన్ని తెరపైకి తెచ్చుట, వ్రాసినదానిని ఒక పేరుతో భద్రపరచుట, ప్రింటరుకు పంపుట, ఏకకాలంలో నడిచే పలు ప్రోగ్రాములకు మెమొరీలో చోటు పంచి యిచ్చుట, ఈ పనులన్నింటిని జరిపించునది ఆపరేటింగ్ సిస్టమ్. తెలుగులో దీనిని నిర్వహణ వ్యవస్థ అని వ్యవహరిస్తున్నాము. విండోస్, లినక్స్ అనునవి ఇట్టి వ్యవస్థలే. ఇది యంత్రంతోపాటు పుట్టి యంత్రంలోనే ఉండునదని చాలామంది విద్యార్థుల అభిప్రాయం. నిజానికి నిర్వహణ వ్యవస్థ అనేది కొన్ని వేల ఫైళ్ల సముదాయం. ఆ ఫైళ్లు యంత్రానికి అందుబాటులో ఉండవలెను. అంతే కాని, లోపలి డిస్కులోనే ఉండితీరవలెనన్న నియమం ఏదియూ లేదు. వ్రేలెడంత పెన్ డ్రైవులో వాటిని ఉంచి, ఒక కంప్యూటరుకు తగిలించి, ఆ కంప్యూటరును మన వ్యవస్థతో నడుపుకొనవచ్చును. ఇది ఎట్లు సాధ్యమైనదో, దీని ప్రయోజనమేమో, హద్దులేమో తెలుపుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇది పూర్తిగా కొత్త ఆలోచన కాదు. 1981లో ఐబీఎం సంస్థ తన తొలి పర్సనల్ కంప్యూటరును విడుదల చేసినప్పుడు అందులో హార్డ్ డిస్కు లేదు. డాస్ అను నిర్వహణ వ్యవస్థ 160 కిలోబైట్ల ఫ్లాపీలో ఉండెడిది. ఫ్లాపీ పెట్టి స్విచ్చి వేసినచో డాస్ మెమొరీలోకి వచ్చును. ఆపై ఆ ఫ్లాపీని తీసి, తన పనికి కావలసిన మరొక ఫ్లాపీని పెట్టుకొనెడివారు. 1983లో వచ్చిన ఎక్స్‌టీ నమూనాలో 10 మెగాబైట్ల హార్డ్ డిస్కు చేరినది. అప్పటినుండి క్రమంగా వ్యవస్థ పెట్టెలోపల స్థిరపడినది. అది పెట్టెలో ఒక భాగమేనన్న భావన కూడ మన మనస్సులలో స్థిరపడినది. పెన్ డ్రైవు ఆ పాత అలవాటునే, ఎన్నో రెట్లు అధికమైన శక్తితో, మరల తెచ్చినది.

ఈ విషయాన్ని కేవలం ఒక వింతగా చెప్పుటలేదు. ఇంట సొంత కంప్యూటరు లేని విద్యార్థులు మనలో ఎందరో ఉన్నారు. వారికి ప్రయోగశాలలో నేడు ఒక యంత్రం దొరికితే రేపు మరొకటి దొరుకును. నిన్న అమర్చుకొన్న ఫాంటు నేటి యంత్రంలో ఉండదు. సగం చేసిన ప్రాజెక్టు ఎక్కడో మిగిలిపోవును. ఉపకార వేతనానికి దరఖాస్తు నింపవలెనన్న నెట్ సెంటరుకు వెళ్లవలెను. అక్కడ ఆధార్ ప్రతి, బ్యాంకు ఖాతా పుస్తకం మొదటి పుట, కులధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు ఒకదాని తరువాత ఒకటి ఆ యంత్రపు డిస్కులోకి చేరును. పని ముగించి విద్యార్థి వెళ్లిపోవును గాని పత్రాలు వెళ్లవు. తరువాత ఆ కుర్చీలో కూర్చున్న అపరిచితునికి అవి కంటబడవచ్చును. సొంత యంత్రం కొనుటకు వేలకొలది రూపాయలు కావలెను. కొన్ని వందల రూపాయలతో సొంత వ్యవస్థనైనా కలిగియుండుట అట్టివారికి చిన్న విషయం కాదు.

ఇక పెన్ డ్రైవు స్వభావాన్ని పరిశీలింతము. దీని మంచి చెడ్డలన్నియు ఆ స్వభావం నుండియే పుట్టినవి కనుక ఇక్కడ కొంత నిదానంగా నడచుట అవసరం.

పెన్ డ్రైవులో తిరిగే భాగమేదియూ లేదు. సిలికాను పలకపై లెక్కకు మిక్కిలిగా సూక్ష్మమైన ట్రాన్సిస్టర్లు పొందుపరచబడి ఉండును. ప్రతి ట్రాన్సిస్టరులోను, చుట్టూ విద్యుద్బంధకపు పొరతో మూసిన ఒక గది వంటి భాగం ఉండును. దీనినే ఫ్లోటింగ్ గేట్ అందురు. 1967లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో డావన్ కాంగ్, సైమన్ సే అను శాస్త్రజ్ఞులు ఈ నిర్మాణాన్ని ప్రతిపాదించిరి. అధిక విద్యుత్పీడనం ప్రయోగించినప్పుడు ఎలక్ట్రాన్లు బంధకపు పొరను దాటి గదిలో చిక్కుకొనును. విద్యుత్తు తొలగించిన పిమ్మట కూడ అవి బయటికి రాజాలవు. గదిలో ఎలక్ట్రాన్లు ఉన్నవా లేవా అన్నదే ఒకటి, సున్న అను అంకెల భేదం. నేటి కొన్ని రకాలలో గది రూపం మారినది గాని సూత్రం మారలేదు. జపానులోని తోషిబా సంస్థలో పనిచేసిన ఫుజియో మసువోకా ఈ సూత్రంపై ఆధారపడి, పెద్ద భాగాలను ఒక్కసారిగా చెరిపివేయగల మెమొరీని రూపొందించి 1984లో లోకానికి వెల్లడించినాడు. చెరిపే వేగం కెమెరా ఫ్లాష్ వెలుగును తలపించుచున్నదని ఆయన సహోద్యోగి షోజీ అరీజుమీ దీనికి ఫ్లాష్ అను పేరు సూచించినాడు. పెన్ డ్రైవులలో నేడు వాడబడుచున్న నాండ్ రకాన్ని మసువోకా బృందమే 1987లో ప్రకటించినది.

ఒక్కసారిగా చెరుపుట అన్నమాటను గమనింపవలెను. తెలుగు బడిలో పలకపై వ్రాసిన పిల్లవాడు ఒక అక్షరం తప్పైనచో వ్రేలితో ఆ అక్షరాన్ని మాత్రమే తుడిచి దిద్దుకొనును. పూర్వం ఉర్దూ బడులలో వాడిన తఖ్తీ అట్టిది కాదు. అది కొయ్యపలక. దానికి ముల్తానీ మట్టి పూసి, ఆరబెట్టి, కలంతో సిరాలో ముంచి వ్రాసెడివారు. మరల వ్రాయవలెనన్న తఖ్తీ మొత్తాన్ని కడిగి, మట్టి పూసి, ఎండలో ఆరబెట్టవలసినదే. ఫ్లాష్ మెమొరీ తఖ్తీ వంటిది. ఉదాహరణకు ఒక రకం చిప్పులో 4 కిలోబైట్ల పుటలు 128 కలిసి 512 కిలోబైట్ల దిమ్మెగా ఏర్పడును. పుట పుటగా వ్రాయవచ్చును గాని, చెరుపుట మాత్రం దిమ్మె దిమ్మెగానే జరుగవలెను. ఒక్క అక్షరం మార్చవలసివచ్చినను మార్పుతో కూడిన పుటను ఖాళీగా ఉన్న మరొక చోట వ్రాసి, పాతదానిని రద్దైనట్లు గుర్తుంచుకొని, అట్టి రద్దు పుటలు పోగైన పిమ్మట మిగిలిన మంచి పుటలను వేరొక దిమ్మెకు చేర్చి, పాత దిమ్మెను కడుగవలసి ఉండును. ఈ లెక్కలన్నియు చూచుకొనుటకు ప్రతి పెన్ డ్రైవులోను కంట్రోలరు అను చిన్న చిప్పు ఉన్నది.

పదేపదే కడిగిన తఖ్తీ అరిగిపోవును. అట్లే ప్రతి చెరుపుటలోను బంధకపు పొర కొంత క్షీణించును. గదికి ఒక్క బిట్టు చొప్పున దాచే నాణ్యమైన చిప్పులు దిమ్మెకు సుమారు 1,00,000 సార్లు చెరుపుటను తట్టుకొనగలవు. చవకగా లభించే పెన్ డ్రైవులలో గదికి మూడు బిట్లు ఇరికించుట సాధారణం. అట్టివాటి ఓర్పు 1,000 నుండి 3,000 సార్ల వరకే ఉండును. చదువుట వలన మాత్రం అంత అరుగుదల లేదు. కనుక ఫ్లాష్ మెమొరీ చదువరి, వ్రాయసకాడు కాదు. పెన్ డ్రైవు నుండి వ్యవస్థను నడుపు విద్యలోని మెలకువలన్నియు ఈ ఒక్క వాస్తవాన్ని అనుసరించియే ఏర్పడినవి.

పెన్ డ్రైవు కంప్యూటరుతో మాట్లాడునది యూఎస్‌బీ ద్వారా. 1996లో మొదటి ప్రమాణం వెలువడిన ఈ విధానం రూపకల్పనలో, బరోడాలో చదువుకొన్న అజయ్ భట్ ఇంటెల్ సంస్థ పక్షాన ముఖ్యపాత్ర వహించినాడు. 2000లో సింగపూరు, ఇజ్రాయెల్ దేశాల సంస్థలు తయారుచేసిన తొలి పెన్ డ్రైవులు విపణికి వచ్చినవి. ఐబీఎం పేరుతో అమ్మబడిన దానిలో పట్టునది 8 మెగాబైట్లు మాత్రమే. నేడు 32 గిగాబైట్లది, అనగా దానికి సుమారు 4,000 రెట్లు పట్టునది, సామాన్యంగా దొరుకుచున్నది. యూఎస్‌బీ 2.0 వేగం సెకండుకు 480 మెగాబిట్లని చెప్పినను ఆచరణలో 30, 40 మెగాబైట్లకు మించదు. 2008లో వెలువడిన 3.0 ప్రమాణం సెకండుకు 5 గిగాబిట్లు మోయగలదు. లోపల నీలిరంగు నాలుక గల రంధ్రాలు సాధారణంగా ఈ రకానివి. వ్యవస్థను నడుపుటకు వీటినే ఎన్నుకొనవలెను.

కంప్యూటరుకు విద్యుత్తు అందిన క్షణంలో నిర్వహణ వ్యవస్థ ఇంకను నిద్రలోనే ఉండును. మొదట మేల్కొనునది మదర్‌బోర్డుపై చిప్పులో నిలిచియున్న ఫర్మ్‌వేరు. పాత యంత్రాలలో దాని పేరు బయోస్, కొత్తవాటిలో యూఈఎఫ్ఐ. బయోస్ తనకు చెప్పిన క్రమంలో డ్రైవులను వెదకి, డ్రైవులోని మొట్టమొదటి 512 బైట్లను మెమొరీలోకి తెచ్చి, చివరి రెండు బైట్లలో నిర్ణీతమైన గుర్తు ఉన్నచో వాటిలోని ఆదేశాలకు అధికారం అప్పగించును. యూఈఎఫ్ఐ పద్ధతి అంతకంటె నాగరికమైనది. అది ఫ్యాట్ రకపు విభాగంలో నిర్ణీతమైన పేరుతో ఉన్న ఫైలును వెదకి నడుపును. రెండు పద్ధతులలోను ఆ మొదటి కార్యక్రమం వ్యవస్థకు హృదయం వంటి కెర్నల్‌ను మెమొరీలోకి తెచ్చును.

ఇక్కడ ఒక చిక్కు గలదు. యూఎస్‌బీ నుండి మిగిలిన ఫైళ్లను చదువవలెనన్న కెర్నల్‌కు యూఎస్‌బీ భాష తెలిపే డ్రైవరు ప్రోగ్రాములు కావలెను. అవి చూడబోతే పెన్ డ్రైవులోనే ఉన్నవి. తాళపుచెవి పెట్టెలో ఉంచి పెట్టెకు తాళం వేసినట్లున్నది కదా! దీనికి విరుగుడుగా కెర్నల్‌తోపాటు ఒక చిన్న మూటను కూడ ఫర్మ్‌వేరు సహాయంతోనే మెమొరీలోకి తెచ్చుకొందురు. ప్రయాణంలో చేతిసంచి వంటి ఆ మూటలో అత్యవసరమైన డ్రైవరులు మాత్రమే ఉండును. వాటితో కెర్నల్ ప్రతి డ్రైవునూ తట్టిచూచి తన ఇల్లెక్కడో కనుగొనును. ఒక యంత్రంలో మొదటి డ్రైవుగా కనిపించిన పెన్ డ్రైవు మరొక యంత్రంలో మూడవదిగా కనిపించవచ్చును. కనుక వరుస సంఖ్యను నమ్మక, డ్రైవుపై వ్రాసియుంచిన ప్రత్యేక గుర్తింపు సంఖ్యను బట్టి వెదకుట ఆచారం.

సామాన్యంగా డిస్కులో స్థాపించిన వ్యవస్థ నిమిషానికి ఎన్నోసార్లు ఏదో ఒకటి వ్రాయుచునే ఉండును. దీనిని యథాతథంగా తెచ్చి చవకరకపు పెన్ డ్రైవులో పెట్టినచో నత్తనడక నడచుటయే గాక, డ్రైవు కూడ త్వరగా చెడును. ఈ కష్టానికి పరిష్కారం విచిత్రంగా పెన్ డ్రైవు కొరకు కాక, సీడీ కొరకు కనుగొనబడినది. సీడీపై ఒకసారి ముద్రించినదానిని మార్చుట అసాధ్యం. 2000లో క్లాస్ నాపర్ అను జర్మను ఇంజనీరు నాపిక్స్ అను లినక్స్ కూర్పును విడుదల చేసినాడు. సుమారు 2 గిగాబైట్ల కార్యక్రమాలను అణచి 700 మెగాబైట్ల సీడీలో ఇమిడ్చి, దేనినీ స్థాపించకుండనే సీడీ నుండి నేరుగా కంప్యూటరును నడుపవచ్చునని ఆచరణలో చూపినాడు. అంతకుముందు ఇట్టి ప్రయత్నాలు లేకపోలేదు గాని జనసామాన్యానికి చేరినది ఇదియే. ఇట్టి కూర్పులకు లైవ్ అను విశేషణం స్థిరపడినది. వ్రాయుటకు వీలులేని సీడీ కొరకు పుట్టిన ఉపాయం, వ్రాయుట గిట్టని ఫ్లాష్ మెమొరీకి సరిగా అమరినది.

ఉపాయం ఇది. వ్యవస్థ ఫైళ్లన్నింటిని బిగించి ఒకే పెద్ద ఫైలుగా, చదువుటకు మాత్రమే వీలైనదిగా, పెన్ డ్రైవులో ఉంచెదరు. దానిమీద పలుచని పొర వంటి మరొక భాగాన్ని మెమొరీలో కల్పించెదరు. గ్రంథాలయపు పుస్తకంపై పెన్సిలైనా పెట్టరాదు కదా. దాని పుటపై ట్రేసింగు కాగితం పరచి ఆ కాగితంపై గీతలు గీసినచో, పైనుండి చూచువానికి పుస్తకపు అక్షరాలు, మన గీతలు కలిసియే కనిపించును. కాగితం తీసివేసినచో పుస్తకం మాత్రం చెక్కుచెదరదు. లైవ్ వ్యవస్థలో మార్పులన్నియు ఈ పై పొరలో జరుగును. కంప్యూటరు ఆపివేయగానే పొర అదృశ్యమగును. మరునాడు వ్యవస్థ మొదటి దినపు శుభ్రతతో లేచును. పై పొర అణచియుండక, కింది ఫైలు అణచియుండుట వలన మరొక లాభం గలదు. నెమ్మదైన యూఎస్‌బీ దారిన తక్కువ బైట్లు ప్రయాణించును. వాటిని విప్పు శ్రమ వేగవంతమైన ప్రాసెసరుపై పడును.

నెట్ సెంటరులో దరఖాస్తు నింపు విద్యార్థికి ఈ మతిమరుపే రక్ష. బ్రౌజరు గుర్తుంచుకొన్న పాస్‌వర్డు గాని, తెచ్చుకొన్న పత్రం ప్రతి గాని ఆ యంత్రపు డిస్కును తాకవు. అయితే దీనిని అభేద్యకవచమని భ్రమించరాదు. కీబోర్డుకు, పెట్టెకు మధ్య అక్షరాలను దొంగిలించు పరికరాన్ని ఎవరైనా అమర్చినచో ఏ లైవ్ వ్యవస్థయూ కాపాడలేదు. యంత్రం యజమాని అనుమతి లేకుండ ఇతర డ్రైవుతో నడుపుట మర్యాద కాదని వేరుగా చెప్పనక్కరలేదు.

కాని ప్రాజెక్టు వ్రాసుకొను విద్యార్థికి మతిమరుపు పనికిరాదు. అట్టివారి కొరకు పై పొరను మెమొరీలో కాక పెన్ డ్రైవులోనే ఒక ప్రత్యేక విభాగంలో ఉంచు ఏర్పాటు గలదు. దీనిని పర్సిస్టెన్స్ అందురు. మన ఫైళ్లు, ఫాంట్లు, కీబోర్డు అమరికలు మరునాటికి నిలిచియుండును. మూడవ మార్గంగా, హార్డ్ డిస్కులోవలె పూర్తి స్థాపననే పెన్ డ్రైవుపై జరుపవచ్చును. నా అభిప్రాయంలో విద్యార్థికి రెండవ మార్గమే ఉత్తమం. పూర్తి స్థాపనకు వేగవంతమైన బాహ్య ఎస్ఎస్‌డీ తగును గాని, సామాన్యమైన పెన్ డ్రైవు తగదు. పర్సిస్టెన్స్ వాడువారు రెండు సంగతులు గుర్తుంచుకొనవలెను. మొదటిది, వ్యవస్థ మొత్తాన్ని నవీకరించు ఆదేశం ఇవ్వరాదు. కింది పుస్తకం మారదు కనుక కొత్త ఫైళ్లన్నియు పై పొరలో పేరుకొని చోటు నిండిపోవును. పైగా, అధికారం కింది పొరలోని పాత కెర్నల్‌దే కావచ్చును. కొత్త కూర్పు వెలువడినప్పుడు డ్రైవును తిరిగి వ్రాసుకొనుటయే సరియైన పని. రెండవది, బ్రౌజరు తాత్కాలికంగా దాచుకొను చిల్లర ఫైళ్లను మెమొరీలోనే ఉంచునట్లు అమర్చినచో వ్రాతలలో పెద్దభాగం తగ్గిపోవును.

తయారుచేయు విధం కష్టమైనది కాదు. డెబియన్, ఉబుంటు, ఫెడోరా వంటి లినక్స్ కూర్పుల లైవ్ ప్రతులు ఉచితంగా లభించును. మన దేశంలో సీడాక్ సంస్థ రూపొందించిన బాస్ లినక్స్ కూడ డెబియన్‌పై ఆధారపడినదే. దించుకొన్న ప్రతి చెడిపోలేదని నిర్ధారించుటకు, ప్రచురణకర్తలు ఇచ్చిన తనిఖీ సంఖ్యతో మన ప్రతి సంఖ్యను పోల్చవలెను. చాలామంది ఈ మెట్టును దాటవేయుదురు. తరువాత సగంలో ఆగిపోయిన తెరను చూచి పెన్ డ్రైవును నిందింతురు. రూఫస్, ఎచర్ వంటి ప్రోగ్రాములతో ప్రతిని డ్రైవుపై వ్రాయవలెను. ఫైలును మామూలుగా కాపీ చేసినంతమాత్రాన డ్రైవు బూట్ కాదు, ఏలననగా ఫర్మ్‌వేరు వెదకు మొదటి బైట్లు, విభాగాలు అప్పుడు ఏర్పడవు. 2020లో వచ్చిన వెంటాయ్ అను ప్రోగ్రాముతో సిద్ధపరచిన డ్రైవులో మాత్రం ప్రతిని ఫైలుగా వేసినను చాలును. వ్రాయుటకు ముందు డ్రైవులో ఉన్నదంతయు నశించునని మరువరాదు. ఏ డ్రైవుపై వ్రాయుచున్నామో పేరు, పరిమాణం రెండుసార్లు చూచుకొనవలెను.

పెన్ డ్రైవు కొనునప్పుడు ఒక మోసం పట్ల జాగరూకత అవసరం. పైన 64 గిగాబైట్లని ముద్రించి లోపల 8 గిగాబైట్లే ఉన్న డ్రైవులు బజారులో తిరుగుచున్నవి. కంట్రోలరుకు అబద్ధం నేర్పియుంచుట వలన కంప్యూటరు కూడ 64 అనియే చూపును. నిజమైన చోటు నిండగానే కొత్త వ్రాతలు పాతవాటిని తుడిచివేయును. ఎఫ్3 అను ఉచిత ప్రోగ్రాము డ్రైవు నిండ వ్రాసి తిరిగి చదివి నిజం తేల్చును. మొదటినాడే ఈ పరీక్ష జరిపించుట మంచిది.

కంప్యూటరును పెన్ డ్రైవు నుండి లేపుటకు స్విచ్చి వేసిన వెంటనే ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్ వంటి మీటలలో ఒకదానిని నొక్కవలెను. ఏ మీట అనునది తయారీదారును బట్టి మారును. సెక్యూర్ బూట్ అను రక్షణను తొలగించుమని చెప్పు సలహాలు తరచు వినబడును. పైన పేర్కొన్న మూడు లినక్స్ కూర్పులు దానిని తొలగించకయే నడచును. అనవసరంగా తొలగించినచో, డిస్కుకు బిట్‌లాకర్ రక్షణ ఉన్న యంత్రాలలో విండోస్ మరల లేచునప్పుడు 48 అంకెల తాళపుసంఖ్యను అడిగి కూర్చొనవచ్చును. ఆ సంఖ్య ఎవరి వద్దను లేకపోవుటయే తరచుగా జరుగు విషయం. పని ముగిసిన పిమ్మట వ్యవస్థను విధిగా మూసి, దీపం ఆరిన తరువాతనే డ్రైవును లాగవలెను. వ్రాతలు కొంతసేపు మెమొరీలో వేచియుండి ఆపై డ్రైవుకు చేరును కనుక, తొందరపడినచో చివరి పుటలు దారిలోనే పోవును.

భాషల విషయం మన కళాశాలకు ప్రత్యేకమైనది. తెలుగు, ఉర్దూ లిపులు రెండును యూనికోడ్‌లో ఉన్నవి. లినక్స్‌లో తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, ఉర్దూకు దాని కీబోర్డు పక్కపక్కనే అమర్చి, రెండు మీటలతో ఒకదాని నుండి మరొకదానికి మారవచ్చును. పోతన, వేమన పేర్లతో గల తెలుగు ఫాంట్లు, నోటో నస్తాలీఖ్ ఉర్దూ ఫాంటు ఉచితంగా లభించును. లిబ్రె ఆఫీస్‌లో ఒక పేరా ఎడమనుండి కుడికి తెలుగులోను, మరొక పేరా కుడినుండి ఎడమకు ఉర్దూలోను ఒకే పత్రంలో వ్రాయవచ్చును. ప్రయోగశాల యంత్రాలలో ఈ అమరికలను ప్రతిసారి చేసుకొనవలసివచ్చును. పర్సిస్టెన్స్ గల డ్రైవులో ఒక్కసారి చేసినచో చాలును. ఒక లోటును దాచరాదు. ముద్రణకు ఉర్దూలో ఇన్‌పేజ్, తెలుగులో అను ఫాంట్ల విధానం చిరకాలంగా వాడుకలో ఉన్నవి. ఇవి విండోస్ కొరకు పుట్టినవి. డీటీపీ పని నేర్చినవారు విండోస్‌ను పూర్తిగా విడుచుట ప్రస్తుతానికి కష్టం. విండోస్‌నే పెన్ డ్రైవులో నడుపు ఏర్పాటును మైక్రోసాఫ్ట్ 2012లో విండోస్ టు గో పేరుతో సంస్థల కొరకు ప్రవేశపెట్టి 2020లో తొలగించినది.

లేవని కంప్యూటరు నుండి ఫైళ్లను కాపాడుటలో పెన్ డ్రైవును మించిన సాధనం లేదు. పరీక్షల ముందు విండోస్ చెడి తెర నీలమైనచో విద్యార్థి తన వ్యాసమంతా పోయినదని క్రుంగిపోవును. చాలా సందర్భాలలో చెడినది వ్యవస్థ మాత్రమే, డిస్కు కాదు. లైవ్ డ్రైవుతో లేపి, లోపలి డిస్కును చదువుటకు మాత్రమే తెరచి, ఫైళ్లను వేరొక డ్రైవుకు చేర్చుకొనవచ్చును. విండోస్ సగం నిద్రావస్థలో ఆగియున్నప్పుడు ఆ డిస్కుపై వ్రాయుట ప్రమాదం కనుక చదువుటతో తృప్తిపడవలెను.

ఈ మంచిలోనే కళాశాల కమిటీవారు ఆలోచింపవలసిన సంగతి ఇమిడియున్నది. ఆపదలో తన ఫైళ్లను తెచ్చుకొనగల విద్యార్థి, కోరినచో కార్యాలయపు యంత్రంలోని మార్కుల జాబితాను కూడ తెరువగలడు. విండోస్ పాస్‌వర్డు అట్టివాని ముందు అడ్డు కాదు, ఏలననగా అడుగవలసిన విండోస్ అప్పుడు లేవనేలేదు. కార్యాలయపు డిస్కులకు ఎన్‌క్రిప్షన్ ఉండుట, తాళపుసంఖ్యలు ప్రిన్సిపాల్ వద్ద వ్రాతమూలంగా ఉండుట, ఆ యంత్రాల ఫర్మ్‌వేరుకు పాస్‌వర్డు ఉండుట తప్పనిసరి. విద్యార్థి తన డ్రైవులోని పర్సిస్టెన్స్ విభాగానికి కూడ ఎన్‌క్రిప్షన్ పెట్టుకొనవలెను. జేబులోని డ్రైవు బస్సులో జారిపోవుట ఎంతసేపు? ముఖ్యమైన ఫైళ్ల నకలు మరొకచోట ఉంచుట అంతకంటె ముఖ్యం.

ప్రయోగశాల విషయం వేరు. అక్కడ పెన్ డ్రైవుతో లేపుటను పూర్తిగా నిషేధించుట సులభమైన మార్గమే గాని, నష్టదాయకం. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ భద్రతా సవరణలు నిలిచిపోయినవి. విండోస్ 11 రెండవ తరపు టీపీఎం చిప్పును, ఇంటెల్ వారి ప్రాసెసర్లలో సుమారుగా ఎనిమిదవ తరం నుండి కొత్తవాటిని కోరును. ఈ కొలతకు అందని యంత్రాలను పాత ఇనుమునకు అమ్ముటకు ముందు వాటిని లైవ్ డ్రైవుతో ఒకసారి లేపి చూడవచ్చును. 4 గిగాబైట్ల మెమొరీ ఉన్న యంత్రం, ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటి తేలికైన తెర అమరికతో, వ్యాసరచనకు, ప్రోగ్రాములు నేర్చుటకు పనికివచ్చును. 32 బిట్ల యంత్రాలు మాత్రం కష్టమే. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 వాటికి స్థాపక ప్రతిని మానివేసినది.

ఇట్టి ప్రయత్నానికి యంత్రానికొక పెన్ డ్రైవు కొననక్కరలేదు. లేచునప్పుడు టూరామ్ అను మాటను ఆదేశవాక్యానికి చేర్చినచో బిగించిన ఫైలు మొత్తం మెమొరీలోకి చేరును. అణచిన ఫైలు 3 గిగాబైట్లున్నచో మెమొరీ 8 గిగాబైట్లుండుట మేలు. 4 గిగాబైట్ల యంత్రానికి అంతకంటె చిన్న కూర్పును ఎన్నుకొనవలెను. యూఎస్‌బీ 2.0 రంధ్రం నుండి 3 గిగాబైట్లు చేరుటకు సుమారు ఒకటిన్నర నిమిషం పట్టును. ఆపై డ్రైవును లాగి పక్క యంత్రానికి తగిలించవచ్చును. ఆ విధంగా ఒక్క డ్రైవుతో ఒక వరుసలోని యంత్రాలన్నింటిని పీరియడు మొదలగు లోపల లేపవచ్చును.